మిత్తి (వడ్డీ) ఎంతో బిల్లు మీద తెలుగులో రాయండి: క్రెడిట్ కార్డులిచ్చే బ్యాంకులకు ఒక బహిరంగ లేఖ

క్రెడిట్ కార్డులు జారీ చేసే బ్యాంకుల యాజమాన్యాలకు, ఆ కార్డులకు నిబంధనలు పెట్టే రిజర్వు బ్యాంకు అధికారులకు నమస్కారం.

నేను హనుమకొండలో ఉంటాను. వరంగల్‌లో ఒక బట్టల షాపులో పదకొండేళ్లుగా బిల్లింగు, లెక్కలు చూస్తున్నాను. మా ఆయన ఒక ప్రైవేటు కంపెనీలో టెక్నీషియన్. ఇద్దరి జీతాలూ కలిపితే నెలకు 43 వేలు. ఇంట్లో అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. మా కార్డు ఏ బ్యాంకుదో ఇక్కడ రాయడం లేదు. మా షాపులో పనిచేసేవాళ్లు, మా వాడకట్టులోవాళ్లు తెచ్చి చూపించిన బిల్లులు నాలుగైదు వేర్వేరు బ్యాంకులవి, బాధ మాత్రం అందరిదీ ఒకటే. కార్డు మా ఆయన పేరు మీద ఉంది కాబట్టి ఆయన ఐడీ నుంచి నేనే ఆ బ్యాంకుకు ఆరు మెయిళ్లు పెట్టాను. ఆరింటికీ ఒకటే జవాబు, అక్షరం తేడా లేదు. బ్రాంచికి వెళ్తే కార్డుల విభాగం వేరే, మా చేతిలో ఏమీ లేదన్నారు. కస్టమర్ కేర్‌కు చేస్తే తెలుగు కోసం ఫలానా నంబరు నొక్కమంటారు, నొక్కి ఇరవై నిమిషాలు ఆగాక హిందీలో మాట్లాడతారు. అందుకే ఇప్పుడు అందరి ముందు రాస్తున్నాను.

ముందు మా ఇంటి లెక్క చెప్తాను.

2023 మార్చిలో అత్తమ్మ బాత్రూంలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కు అడ్వాన్సు కట్టమంటే 55 వేలు కార్డు గీకాం. అప్పుడు కార్డు లిమిట్ 60 వేలే. వారం తిరక్కుండానే లిమిట్ లక్షా 40 వేలకు పెంచామని మెసేజ్ వచ్చింది. మేం అడగలేదు, సరేనని ఎక్కడా నొక్కలేదు. జూన్‌లో పిల్లల ఫీజులు 34 వేలు అదే కార్డు మీద కట్టాం. జూలై బిల్లులో రెండు అంకెలు కనిపించాయి. మొత్తం బాకీ 92,400, దాని పక్కనే మినిమం డ్యూ, అంటే ఆ నెలకు కట్టాల్సిన కనీస మొత్తం, 4,620. మా ఆయన 4,620 కట్టి ఈ నెలకు గండం గడిచిందన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. అలా పద్నాలుగు నెలలు అనుకున్నాం.

2024 ఆగస్టులో ఒక ఆదివారం పద్నాలుగు బిల్లులూ ప్రింటు తీసి, ముందు గదిలో నేల మీద వరుసగా పరిచి కూర్చున్నాను. ఒక్కో బిల్లులో వడ్డీ ఎక్కడుందో, దాని మీద జీఎస్టీ ఎక్కడుందో, లేటు ఫీజు ఎక్కడుందో వెతికి ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టుకుంటూ పోయాను. కొన్ని రెండో పేజీలో ఉన్నాయి, కొన్ని కూరగాయలకు, గ్యాస్‌కు గీకిన వాటి మధ్యలో కలిసిపోయి ఉన్నాయి. అన్నీ కూడితే 60,970 రూపాయలు. తప్పు కూడానేమోనని కాలిక్యులేటర్ మీద రెండోసారి వేశాను. అంతే వచ్చింది. అన్ని నెలలు కట్టినా బాకీ తగ్గకపోగా లక్షా 6 వేలు అయింది. మా పెద్దబ్బాయి వచ్చి ఈ ఎర్ర గుండ్రాలేంటి మమ్మీ అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

అప్పటికే ఇంట్లో ఖర్చు తగ్గించడం మొదలుపెట్టి ఆర్నెల్లయింది. నేను షాపుకు ఆటోలో పోవడం మానేశాను, మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి జీరో టికెట్ తీసుకుని పోతున్నాను, దాంతోనే నెలకు 1,100 మిగిలింది. అత్తమ్మ బీపీ, షుగర్ మాత్రలు డాక్టరును అడిగి, అదే మందు అదే మోతాదు జన ఔషధి కేంద్రంలో తెస్తున్నాం. అంతకుముందు నెలకు 1,350 అయ్యేది, ఇప్పుడు 400 దాటదు. కూరగాయలు ఇంటి ముందు బండి మీద కాకుండా వారానికోసారి రైతు బజారులో తెస్తున్నాం. కందిపప్పు, నూనె నెలకోసారి హోల్‌సేల్ దుకాణంలో. రెండో సిమ్, రెండు ఓటీటీలు తీసేశాం. ఆదివారం బయట తినడం మానేశాం. పిల్లలు మొదట్లో గొడవ చేశారు, తర్వాత వాళ్లే అడగడం మానేశారు. అది నాకు గొడవకంటే ఎక్కువ బాధనిపించింది. ఇవన్నీ కలిపితే నెలకు 3,800 మిగిలింది.

అదే నెలల్లో మా కార్డు మీద వడ్డీ, జీఎస్టీ కలిపి నెలకు 4,200 దాకా పడుతోంది. ఇల్లంతా గాలించి, పిల్లల నోరు కట్టి మిగిల్చింది మొత్తం తీసుకెళ్లి కట్టినా మీ మిత్తికే చాలలేదు. పొదుపు చేసుకోండి, ఖర్చు తగ్గించుకోండి, బడ్జెట్ వేసుకోండి అని మీ యాప్‌లలో, మెసేజ్‌లలో మాకు సలహాలిస్తుంటారు. మేం చేశాం. మీరు కూడా చేయాల్సినవి ఉన్నాయి, అవి అడగడానికే ఈ లేఖ.

1. మిత్తి మాకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి.

మా దగ్గర వడ్డీని మిత్తి అంటాం. ఊళ్లో ఎవరైనా అప్పు అడిగితే మొదటి మాట "నూటికి ఎంత?" అనే. నూటికి నెలకు రూపాయి, రూపాయిన్నర, రెండు రూపాయలు. రెండు రూపాయలంటే మామూలు, మూడంటే వెనకాడతారు, ఐదు రూపాయలకు తెచ్చాడంటే ఆ ఇంట్లో ఏదో పెద్ద ఆపద వచ్చిందని ఊరంతా అనుకుంటుంది. చదువు రాని మా అత్తమ్మకు కూడా ఈ లెక్క నోటికి వస్తుంది. మా కార్డు మీద వడ్డీ నెలకు 3.75 శాతం, అంటే నూటికి మూడు రూపాయల ముప్పావలా. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే నూటికి దగ్గర దగ్గర నాలుగు రూపాయల నలభై పైసలు. ఆ రోజు హాస్పిటల్లో కార్డు గీకుతుంటే "నాలుగు రూపాయల నలభై పైసల మిత్తి" అని ఎవరైనా అత్తమ్మ చెవిన వేసి ఉంటే, ఆమె ఆ మంచం మీద నుంచే వద్దని, తన మెడలో బంగారు గుండ్లు తీసి ఇచ్చేది. మాకు కనిపించిందల్లా ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో రాసిన ఒక శాతం.

రుణాలిచ్చేటప్పుడు అన్ని చార్జీలూ కలిపి ఏడాదికి అసలు రేటు ఎంత పడుతుందో ఒకే చోట, అప్పు తీసుకునేవాళ్లకు తెలిసిన భాషలో రాసి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15న ఆదేశమిచ్చింది. చాలా మంచి ఆదేశం. కానీ అందులో క్రెడిట్ కార్డు బాకీలను మినహాయించారు. అన్నిటికంటే ఎక్కువ మిత్తి పడే అప్పునే ఎందుకు వదిలేశారో మాకు అర్థం కాలేదు. ఆ మినహాయింపు తీసేయండి. ప్రతి బిల్లు మొదటి పేజీలో, మొత్తం బాకీ ఎంత సైజు అక్షరాల్లో ఉంటుందో అంతే సైజులో, తెలుగులో "మీ బాకీ మీద నూటికి నెలకు ఇంత మిత్తి, జీఎస్టీతో ఇంత" అని ఒక్క వాక్యం వేయండి.

రేటుకు హద్దు కూడా అడుగుతున్నాం. ఏడాదికి 30 శాతం దాటి వసూలు చేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కోర్టు తీర్పు కాబట్టి గౌరవిస్తాం. అయితే ఇప్పుడు ఆ హద్దు పెట్టగలిగింది రిజర్వు బ్యాంకే. మితిమీరిన వడ్డీ వద్దని చెప్పి ఆపేస్తే సరిపోదు. ఎంత దాటితే మితిమీరినట్టో అంకె చెప్పండి.

2. మినిమం డ్యూ కడితే ఏమవుతుందో మా అంకెలతోనే చూపించండి.

లక్ష రూపాయల బిల్లు అనుకుందాం. ఐదు శాతం, అంటే ఐదు వేలు కట్టారు. 95 వేలు మిగిలింది. దాని మీద 3.75 శాతం వడ్డీ 3,562, జీఎస్టీ 641. వచ్చే నెల బిల్లు 99,204. కట్టింది ఐదు వేలు, తగ్గింది ఎనిమిది వందల లోపు. ఆ తర్వాత కార్డు అసలు ముట్టుకోకుండా ఏడాదంతా మినిమం కట్టుకుంటూ పోతే కట్టేది 57 వేలు దాటుతుంది, బాకీ ఇంకా 90 వేలపైనే ఉంటుంది. లక్ష కాస్తా యాభై వేలకు రావడానికే ఏడేళ్లకు పైగా పడుతుంది. అదే మనిషి ఎలాగో కష్టపడి నెలకు ఎనిమిది వేల చొప్పున కడితే 18 నెలల్లో మొత్తం తీరిపోతుంది. ఐదు వేలకు, ఎనిమిది వేలకు మధ్య ఇంత తేడా ఉందని ముందే తెలిస్తే మేం ఆ మూడు వేల కోసం మొదటి నెలలోనే రైతు బజారుకు పోయేవాళ్లం.

మినిమం మాత్రమే కడితే బాకీ నెలలు, ఏళ్ల తరబడి సాగుతుందని బిల్లులో హెచ్చరిక ఉండాలని రిజర్వు బ్యాంకు 2022 నాటి ఆదేశాల్లో ఉంది. హెచ్చరిక ఉంది, మా బిల్లులో వెతికి చదివాను. కానీ అది అందరికీ ఒకే వాక్యం, అదీ ఇంగ్లీషులో. అందులో మా అంకె లేదు. అమెరికాలో ఉంటున్న మా పిన్ని కూతురు వాళ్ల కార్డు బిల్లు ఫొటో పంపింది. మినిమం మాత్రమే కడితే ఆమె బాకీ తీరడానికి ఎన్నేళ్లు పడుతుందో, మొత్తం ఎంత కట్టాల్సి వస్తుందో, మూడేళ్లలో తీర్చాలంటే నెలకు ఎంత కట్టాలో ఒక చిన్న పట్టీలో ఉంది. అక్కడ 2009లో చేసిన చట్టం ప్రకారం అది ఉండి తీరాలట. మా కొనుగోళ్లను గంటలో లెక్కగట్టి ఆఫర్లు పంపే మీ కంప్యూటర్లకు ఈ మూడు అంకెలు వేయడం పెద్ద పని కాదు. మన బిల్లుల మీదా అదే పట్టీ తెలుగులో వేయాలని అడుగుతున్నాం.

3. అడగకుండా లిమిట్ పెంచొద్దు, మా ఆదాయం చూసి ఇవ్వండి.

కార్డుదారు స్పష్టంగా ఒప్పుకోకుండా లిమిట్ పెంచకూడదని అదే 2022 ఆదేశాల్లో ఉంది. మాకు పెంచారు. ఎవరి ఒప్పుకోలుతో పెంచారో చూపించమంటే చూపించలేదు. నెలకు 26 వేల జీతగాడికి లక్షా 40 వేల లిమిట్ ఏ లెక్కన ఇచ్చారో కూడా చెప్పలేదు.

2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ అప్పులు ఎంతమంది ప్రాణాల మీదికి తెచ్చాయో, దాని మీద ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చిందో మా తరం వాళ్లెవరూ మర్చిపోలేదు. ఒకే ఇంటికి నలుగురు అప్పులిచ్చి వెళ్లారు, ఆ ఇల్లు ఎంత మోయగలదో ఎవరూ చూడలేదు. ఇప్పుడు మైక్రోఫైనాన్స్‌కు రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న కుటుంబం నెలనెలా కట్టే వాయిదాలన్నీ కలిపి ఆ ఇంటి ఆదాయంలో సగం దాటకూడదు. కార్డులకు అలాంటి గీత ఎందుకు లేదు? దేశంలో క్రెడిట్ కార్డుల సంఖ్య 2024 మొదట్లోనే పది కోట్లు దాటింది. మా షాపులో సేల్స్ అమ్మాయి, జీతం 14 వేలు, ఆమె పర్సులో మూడు కార్డులున్నాయి. మూడూ మాల్ ముందు టేబుల్ వేసుకుని కూర్చున్నవాళ్లు ఇచ్చినవే, లైఫ్‌టైమ్ ఫ్రీ అని చెప్పి. మూడింటి లిమిట్ కలిపితే ఆమె ఏడాది జీతం కంటే ఎక్కువ. ఒక మనిషికి ఉన్న కార్డులు, అప్పులు అన్నీ కలిపి చూసి, ఇంటి ఆదాయంతో పోల్చి, ఒక గీత పెట్టండి.

4. డ్యూ డేట్ జీతం వచ్చిన తర్వాత ఉండాలి.

మా ఆయనకు జీతం మూడో తారీఖున పడుతుంది. కార్డు డ్యూ డేట్ 27. నెలాఖరున ఏ జీతగాడి దగ్గర డబ్బుంటుంది? పండగ నెలల్లో రెండుసార్లు లేటు ఫీజు పడింది. బిల్లింగ్ తేదీ మార్చుకునే అవకాశం కార్డుదారుకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. మేం అడిగితే మీ కార్డుకు ఆ సౌకర్యం లేదన్నారు. కార్డు ఇచ్చేటప్పుడే జీతం తారీఖు అడిగి రాసుకోండి, చాలు.

5. నలభై ఐదు, యాభై రోజుల దాకా మిత్తి ఉండదన్న మాట ఎప్పుడు చెల్లదో చెప్పండి.

కార్డు అమ్మేటప్పుడు అందరికీ చెప్పేది ఈ మాటే. అందులో దాచేది ఒకటుంది. గత నెల బాకీలో కొంచెం మిగిల్చినా సరే, ఆ తర్వాత కొన్న ప్రతిదాని మీదా కొన్న రోజు నుంచే మిత్తి మొదలవుతుంది. మా చుట్టుపక్కల నేను అడిగిన పదిహేను మందిలో ఒక్కరికి కూడా ఈ సంగతి తెలియదు, నాకూ తెలియదు, రోజంతా లెక్కల్లో ఉండే మనిషిని అయినా. మినిమం కడుతున్నాం కదా, కొత్తగా గీకిన వాటికి టైం ఉంటుంది కదా అనుకుని 25 కేజీల బియ్యం బస్తా, గ్యాస్ బండ అదే కార్డు మీద తెచ్చుకున్నాం. తిన్న అన్నానికి కూడా నూటికి నాలుగు రూపాయల పైన మిత్తి కట్టాం.

2022 నుంచి రూపే క్రెడిట్ కార్డులు యూపీఐకి కలిశాయి. ఇప్పుడు కిరాణా దుకాణంలో, పాల బూత్ దగ్గర, టీ బండి దగ్గర స్కాన్ చేసినా అప్పు కింద పడుతుంది. ఖాతాలోంచి పోతోందా, కార్డులోంచి పోతోందా అని చూసుకునేంత సేపు కూడా ఆ స్క్రీన్ నిలబడదు. బాకీ మిగిలి ఉన్న కార్డుతో స్కాన్ చేస్తే "దీని మీద ఈరోజు నుంచే మిత్తి పడుతుంది" అని పిన్ కొట్టకముందే తెలుగులో చూపించండి. మేమైతే యూపీఐ యాప్‌లోంచి కార్డు తీసేశాం. జీతం పడగానే సరుకుల డబ్బు, పాల డబ్బు, మందుల డబ్బు విడిగా నోట్ల రూపంలో తెచ్చి మూడు స్టీలు డబ్బాల్లో పెడుతున్నాను. డబ్బా ఖాళీ అయితే ఆ ఖర్చు వచ్చే నెలకే.

6. వసూలు ఫోన్లు మా పని దగ్గరికి చేయొద్దు.

ఒకసారి డ్యూ డేట్ దాటిన వారానికి రాత్రి ఏడు నలభైకి మా షాపు ల్యాండ్‌లైన్‌కు ఫోన్ వచ్చింది. నా కార్డు కాదు, మా ఆయనది. ఎత్తింది మా సేఠ్. అవతల మనిషి మా ఆయన పేరు చెప్పి, బాకీ ఎంతో చెప్పి, మీ దగ్గర ఆయన భార్య పనిచేస్తోంది కదా కట్టమని చెప్పండి అన్నాడు. గల్లాపెట్టె నా చేతిలో ఉంటుంది. రోజూ రెండు, మూడు లక్షలు లెక్కపెట్టి అప్పజెప్పే మనిషి ఇంట్లో అప్పుందని యజమానికి ఇలా తెలిస్తే ఆ మనిషి ఎలా తల ఎత్తుకోవాలి? సేఠ్ మంచివాడు కాబట్టి ఒక్క మాటా అనలేదు. కానీ ఆ తర్వాత రెండు నెలలు సాయంత్రం క్యాష్ లెక్కపెట్టేటప్పుడు నా చేతులు వణికేవి.

ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్లు చేయొద్దని, బాకీదారు ఇంట్లోవాళ్లను, స్నేహితులను వేధించొద్దని, పదిమందిలో పరువు తీయొద్దని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పింది. ఏజెంటు చేశాడు, మాకు సంబంధం లేదు అంటే కుదరదు, ఏజెంట్ల పనికి బ్యాంకుదే బాధ్యత అని కూడా చెప్పింది. ఇలాంటి ఫోన్ వస్తే ఫిర్యాదు చేయడానికి తెలుగులో మాట్లాడే మనిషి ఉండే ఒక నంబరు ఇవ్వండి. ఆ కాల్ రికార్డింగు మేం అడిగితే మాకు ఇవ్వండి.

7. మునుగుతున్నవాళ్లను ముందే గుర్తించండి.

ఇది నేను షాపులో కౌంటర్ వెనక కూర్చుని రోజూ చూసే విషయం. పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో ఒకాయన కూతురు పెళ్లి బట్టలకు 38 వేల బిల్లు చేశాడు. మొదటి కార్డు డిక్లైన్. రెండో కార్డు 11 వేలకు పోయింది. మూడోది మళ్లీ డిక్లైన్. వెనక లైన్లో జనం. పక్కన పెళ్లికూతురు, చేతిలో పట్టుచీర సంచి పట్టుకుని ఉంది. ఆయన నా వైపు వంగి మెల్లగా "అమ్మా, పట్టుచీర ఉంచు, మిగతావి తీసెయ్" అన్నాడు. కాసేపటికి ఆ అమ్మాయే తన డ్రెస్సులు రెండు తీసి వెనక్కి ఇచ్చింది.

తర్వాత అలాంటివాళ్లు ఏం చేస్తారో కూడా నాకు తెలుసు. ఒక కార్డుతో ఇంకో కార్డు బాకీ కడతారు, దానికి "రొటేషన్" అని పేరు. కార్డు గీకి క్యాష్ ఇచ్చే దుకాణాలు ప్రతి ఊళ్లో ఉన్నాయి, నూటికి రెండో, మూడో కమీషన్ పట్టుకుని ఇస్తారు. అదీ అయిపోతే లోన్ యాప్‌లు. 2020 చివర్లో ఆ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు, హైదరాబాద్‌లో కేసులు పెట్టి అరెస్టులు చేశారు. మినిమం డ్యూ కట్టడానికి లోన్ యాప్‌లో ఐదు వేలు తీసుకున్న పిల్లవాడు మా వాడకట్టులోనే ఉన్నాడు.

ఇవన్నీ జరగడానికి చాలా ముందే మీకు కనిపిస్తుంది. వరుసగా మూడు నెలలు మినిమం మాత్రమే కట్టినవాళ్లు ఇబ్బందిలో ఉన్నారని మీ కంప్యూటరుకు తెలుసు. అప్పుడు మీరు చేస్తున్నది ఇంకో కార్డు ఆఫరు, ఇంకో పర్సనల్ లోన్ ఆఫరు పంపడం. దాని బదులు ఆ బాకీని మొత్తంగా తక్కువ మిత్తికి రెండు, మూడేళ్ల వాయిదాల్లోకి మార్చుకునే అవకాశం మీరే ఇవ్వండి. వాయిదాల మొత్తం, మిత్తి, ప్రాసెసింగ్ ఫీజు, దాని జీఎస్టీ అన్నీ ఒకే చోట చూపించి ఇవ్వండి. కొంత తగ్గించి బాకీ తెంచుకునే సెటిల్‌మెంట్ దాకా లాగి, తర్వాత సిబిల్ అనే అప్పుల రికార్డులో "సెటిల్డ్" అని మచ్చ వేసి, ఏళ్ల తరబడి ఇంటి లోన్ రాకుండా చేయడంకన్నా మీకూ అదే మంచిది, మీ అసలు మీకు వస్తుంది.

మేం ఎలా బయటపడ్డామో కూడా చెప్తాను, ఈ లేఖ మాలాంటివాళ్లు కూడా చదువుతారు కాబట్టి. నా గాజులు, అత్తమ్మ గుండ్లు బ్యాంకులో పెట్టి 65 వేలు తెచ్చాం. దాని మిత్తి నూటికి ముప్పావలా. కార్డుకు కట్టింది మూడు రూపాయల ముప్పావలా, దాని మీద జీఎస్టీ. బంగారం బీరువాలో పెట్టుకుని పద్నాలుగు నెలలు ఆ మిత్తి కట్టామని తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఇంకో 35 వేలకు నా చీటీ పాడేశాను, పాటలో కొంత పోయింది, అయినా కార్డు మిత్తితో పోలిస్తే ఆ నష్టం తక్కువే. మిగిలింది రెండు నెలల జీతాల్లోంచి కట్టి 2024 నవంబరులో మొత్తం తీర్చేశాం. ఇంట్లో బంగారం ఉన్నవాళ్లు, చీటీ నడుస్తున్నవాళ్లు, డ్వాక్రా సంఘంలో అప్పు పుట్టేవాళ్లు మినిమం డ్యూ కట్టకముందు ఒక్కసారి ఈ లెక్క వేసుకోండి. బ్యాంకు 30 రోజుల్లో సమాధానం ఇవ్వకపోయినా, ఇచ్చింది సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. ఎలా చేయాలో 14448కు ఫోన్ చేస్తే చెప్తారు. మీ మెయిళ్లు, బిల్లులు, కాల్ వచ్చిన టైములు అన్నీ దాచిపెట్టుకోండి.

8. తీర్చేసిన కార్డు మూసేయండి.

మొత్తం కట్టేశాక 2024 డిసెంబరు 2న కార్డు మూసేయమని రాశాం. బాకీ లేని కార్డును ఏడు పనిదినాల్లో మూసేయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున కార్డుదారుకు ఇవ్వాలి. ఇదీ రిజర్వు బ్యాంకు నిబంధనే. మా కార్డు మూయలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఎందుకు మూసేస్తున్నారు, పాయింట్లు ఇస్తాం, లిమిట్ పెంచుతాం అంటున్నారు. మార్చిలో వార్షిక ఫీజు 500, జీఎస్టీ 90 వేసి బిల్లు పంపారు. ఇప్పుడు అడిగితే 590 బాకీ ఉంది కాబట్టి మూయడం కుదరదంటున్నారు. ఆ 590 కట్టకపోతే లేటు ఫీజు, మా ఆయన సిబిల్ మీద మచ్చ. కడితే మేం వాడని కార్డుకు, మూయమని రాసిన కార్డుకు ఫీజు కట్టినట్టు.

మేం ఎగ్గొట్టలేదు, వాయిదా అడగలేదు, మాఫీ అడగలేదు. మిత్తితో సహా ప్రతి పైసా కట్టాం. పై ఎనిమిదింటిలో మొదటి ఏడింటికీ బ్యాంకుల నుంచి, రిజర్వు బ్యాంకు నుంచి జవాబు కోసం చూస్తాం. ఎనిమిదోది మాత్రం మా కార్డు ఇచ్చిన బ్యాంకు రేపు ఉదయం పది గంటలకే చేయగలిగిన పని. ఆ 590 ఎత్తేయండి, నిబంధన ప్రకారం మాకు రావాల్సిన రోజుకు 500 లెక్క కట్టి ఇవ్వండి, కార్డు మూసేశామని, బాకీ ఏమీ లేదని మా ఆయన పేరు మీద ఒక కాగితం పంపండి.

ఇట్లు,
ఒక కార్డుదారు ఇంటి మనిషి,
హనుమకొండ